ఉప్పెక్కువైన గోంగూర

పోయిన నెల ఐర్లండ్‌లోని డండాక్ ఊళ్ళో, నేను చదువుతున్న కాలేజీకి దగ్గర్లో ఉన్న ఆఫ్రికా సరుకుల కొట్టుకి మొదటిసారి వెళ్ళాను. ఫ్రీజర్ ముందు నేల మీద ఒక గుండ్రటి పసుపు స్టిక్కరు ఇంకా అతుక్కుని ఉంది. సగం అరిగిపోయింది. మధ్యలో రెండు పాదాల గుర్తులు. మనిషికీ మనిషికీ మధ్య రెండు మీటర్ల దూరం ఉండాలని ఒకప్పుడు ప్రతి కొట్లోనూ అతికించినవి అవి. అన్నిచోట్లా పీకేశారు. ఇక్కడ ఎవరూ పట్టించుకోలేదు. ఫ్రీజర్‌లో ముదురాకుపచ్చ ఆకు గడ్డకట్టిన పొట్లాలు వరసగా ఉన్నాయి. మనం గోంగూర అనే ఆకే. పొట్లం మీద మాత్రం వేరే దేశపు పేరు.

తలుపు తీశాను. మళ్ళీ మూసేశాను. కొట్టావిడ "ఆర్ యూ ఓకే, లవ్?" అని అడిగితే తలూపి, ఏమీ కొనకుండా బయటికి వచ్చేశాను.

చిన్నప్పట్నుంచీ నాకు డైరీ రాసే అలవాటు. మనుషులతో చెప్పలేనివన్నీ అందులో పెట్టేదాన్ని. ఆ రోజుల డైరీ ఇప్పటికీ నా దగ్గరుంది. ఏ పుస్తకం చదివానో, బాతులు ఎన్ని పిల్లల్ని పెట్టాయో, అన్నీ పేజీలకి పేజీలు ఉన్నాయి. ఇప్పుడు చెప్పబోయే విషయం గురించి మాత్రం ఒక్క వాక్యమే ఉంది.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఐర్లండ్ నడిమధ్యన ఒక చిన్న ఊళ్ళో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. అమ్మ ఊరి చివర ముసలివాళ్ళ నర్సింగ్ హోంలో నర్సు. నాన్న పక్క టౌను అత్లోన్‌లో మందుల కంపెనీలో షిఫ్టుల మీద పనిచేసేవారు. మేం ఆ దేశంలో ఉండడానికి ఆధారం అమ్మ వర్క్ పర్మిట్. ఆ పర్మిట్ రెండేళ్ళ పాటు ఆ నర్సింగ్ హోంకే కట్టుబడి ఉంటుంది. అక్కడ ఉద్యోగం పోతే నాన్న ఉద్యోగం, నా బడి, ఇల్లు, ఒకదాని వెనక ఒకటి పోతాయి. ఇంట్లో ఏదైనా పగిలితే, గట్టిగా నవ్వితే, పక్కింటివాళ్ళు కొంచెం ముఖం మాడ్చుకుంటే, అమ్మ అనే మాట ఒకటే: "రెండేళ్ళు అవనీయండి. తర్వాత మీ ఇష్టం."

ఎండు రొయ్యలు వేయించడం కూడా అందుకే షెడ్డులోకి మారింది. ఒకసారి వాసన వీధంతా పట్టిందని ఎవరో చెబితే ఇంటి ఓనరు ఉత్తరం పంపాడు. అప్పట్నుంచి ఎండు సరుకు ఏది వండినా పెరట్లో తోట సామాను పెట్టుకునే చెక్క షెడ్డులోనే, క్యాంపులకి తీసుకెళ్ళే చిన్న గ్యాస్ పొయ్యి మీద. తలుపు దగ్గరగా వేసుకుని, గొంతుకి గుడ్డ చుట్టుకుని, దొంగసారా కాచినట్టు వండేది అమ్మ. నేను బయట కాపలా.

షెడ్డు వెనక కాంక్రీటు ఇటుకల గోడ. ఒకచోట రెండు వరసలు కూలిపోయి నా భుజం ఎత్తే ఉండేది. గోడకి అవతల ఒక పాత హోటలు. మామూలు హోటలు కాదు. వేరే దేశాల నుంచి ప్రాణాలు కాపాడుకోవడానికి పారిపోయి వచ్చినవాళ్ళని, వాళ్ళ కేసు తేలేదాకా ప్రభుత్వం అక్కడ ఉంచేది. ఎక్కువమంది ఆఫ్రికావాళ్ళు. ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం. ఒక్కోసారి రెండు. గదుల్లో వంట చేసుకోకూడదు. కింద హాల్లో పెట్టిందే తినాలి. ఊళ్ళో అందరూ వాళ్ళని "హోటలువాళ్ళు" అనేవారు.

బళ్ళో హోటలు పిల్లల్ని గుర్తుపట్టడానికి ముఖం చూడక్కర్లేదు. మధ్యాహ్నం ఇచ్చి పంపే తిండి చాలు. అందరికీ ఒకేలాంటి గోధుమరంగు కాగితం సంచి. లోపల తెల్ల బ్రెడ్డు, పల్చటి హామ్ ముక్క, ఒక యాపిల్. రోజూ అదే. ఆ సంచి ఉన్న పిల్లలంతా కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు. కూర్చోమని ఎవరూ చెప్పలేదు. పుట్టినరోజులకి పిలవకండి అని కూడా ఎవరూ చెప్పలేదు. నన్ను ఒకటి రెండు పుట్టినరోజులకి పిలిచారు. వాళ్ళని ఒక్కదానికీ పిలవలేదు. నేను ఎటూ కాకుండా మధ్యలో, నా పులిహోర డబ్బాకి మూత అడ్డం పెట్టుకుని, ఏదో ఒక పుస్తకం తెరుచుకుని తినేదాన్ని.

తర్వాత నాకు స్నేహితురాలైన పిల్ల ఆ కిటికీ పక్క బల్లదే. నా క్లాసే. నెలరోజులు ఒకే గదిలో ఉన్నా ఒక్క మాటా మాట్లాడుకోలేదు. ఒక శనివారం అమ్మ షెడ్డులో రొయ్యలు వేయిస్తుంటే గోడ మీద రెండు చేతులు కనబడ్డాయి. తర్వాత జడలు. తర్వాత ఆమె మొహం.

"మీ అమ్మ న్గాయ్-న్గాయ్ వండుతోందా?" అంది. మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"గోంగూర," అన్నాను.

"ఏదైనా అను. మా మామ్ వంట వాసన అది. కాంగోలో ఎండుచేపలతో వండేది. నాకు నాలుగేళ్ళప్పుడు తిన్నాను." ముక్కు ఎగబీల్చింది. "పుల్లగా ఉంటుంది కదా? నువ్వు పెట్టకపోతే ఇక్కడే చచ్చిపోతాను. అప్పుడు మీ పెరట్లో శవం ఉంటుంది, గార్డ్స్ వస్తారు."

గార్డ్స్ అంటే ఇక్కడ పోలీసులు. నేను లోపలికి పరిగెత్తాను.

అమ్మ ముందు కసిరింది. "ఎవరే ఆ పిల్ల? హోటలు పిల్లా? వాళ్ళతో మనకెందుకమ్మా?" కానీ గోడ మీద కూర్చుని ముక్కుతో తింటున్న ఆ పిల్లని చూసి ఆగలేకపోయింది. అన్నం, గోంగూర కలిపి ఐస్‌క్రీం డబ్బా మూతలో పెట్టి ఇచ్చింది. ఆ మూత తర్వాత కడిగి షెడ్డులోనే ఒక మేకుకి తగిలించింది. వారంవారం ఆ పిల్లకి ఆ మూతలోనే. ఇంట్లోకి ఎప్పుడూ రాలేదు ఆ మూత. ఆ పిల్ల కూడా రాలేదు. మా అమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊరి బళ్ళో తనని కుండ ముట్టుకోనివ్వక, దోసిట్లో పైనుంచి నీళ్ళు పోసేవారట. ఆ సంగతి అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఆ చలికాలం మేం షెడ్డులో చేయని పని లేదు. రొయ్య మీసాలు మూతికి అంటించుకుని హెడ్‌మాస్టర్‌లా మాట్లాడేది ఆమె. వేయించిన రొయ్యలు దొంగిలించి జేబుల్లో పోసుకుని వేరుశెనక్కాయల్లా నమిలేవాళ్ళం. తర్వాత మూడు రోజులు బళ్ళో మా కోట్ల దగ్గరికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. నేను చదివిన పుస్తకాల్లో కథలు ఆమెకి చెప్పేదాన్ని. జీవితంలో ఎదురుగా ఒక మనిషిని పెట్టుకుని అంతసేపు మాట్లాడింది అప్పుడే.

వాళ్ళమ్మ కూడా అమ్మ పనిచేసే నర్సింగ్ హోంలోనే కేరర్. ముసలివాళ్ళకి స్నానాలు చేయించడం, తినిపించడం ఆమె పని. రోజూ గంటసేపు నడిచి వెళుతోందని, దారిలోనే కాబట్టి కారులో ఎక్కించుకోమని మేనేజరు అమ్మని అడిగింది. అమ్మ కాదనలేకపోయింది. ముందు సీట్లో అమ్మ హ్యాండ్‌బ్యాగు ఉండేది. ఆమె వెనక సీట్లో కూర్చునేది. ఆ బ్యాగు తీసి వెనక పెట్టొచ్చని ఎవరికీ తోచలేదు.

అయినా కారులో మాటలు సాగాయి. ఊళ్ళో ఆఫ్రికా కొట్లో ఈ ఆకు ఫ్రీజర్‌లో దొరుకుతుందని చెప్పింది ఆమే. అంతకుముందు అమ్మ డబ్లిన్ నుంచి వడిలిపోయిన కట్టలు తెప్పించేది. ఆ పొట్లం ఇంటికి తెచ్చిన రోజు అమ్మ మొహం చూడాలి.

"మన గోంగూర వీళ్ళకెట్టా తెలిసిందండీ?"

"మనమే వాళ్ళ దగ్గర నేర్చుకున్నామేమోలే," అన్నారు నాన్న.

"ఊరుకోండి. గోంగూర ఆంధ్రాది కాకపోవడమేంటి, ఆఫ్రికాదవ్వడమేంటి!"

కానీ ఆ వారం నుంచి ప్రతి సోమవారం ఒక డబ్బా గోంగూర వెనక సీటుకి వెళ్ళేది. ఆమె కడిగి తిరిగిచ్చేది. అమ్మ చేతి వంటకి ఒక పేరుంది. కూర రుచి చూడదు. మూత తీసి ఆవిరి వాసన చూసి ఉప్పు చాలిందో లేదో చెప్పేస్తుంది. మా తెలుగువాళ్ళ ప్రార్థన కూడికల్లో ఆంటీలు గిన్నెలు పట్టుకొచ్చి "అక్కా, కొంచెం వాసన చూడండి" అని అడిగేవారు. ఎప్పుడూ తప్పలేదు. వాళ్ళమ్మ కూడా ఆ సంగతి విని నవ్వి, "మా అమ్మమ్మ కూడా అంతే, ముక్కుతో వండేది" అందట.

వాళ్ళకి ఒక ఇల్లు చూసిపెట్టి ఉంది. మా వీధి నుంచి నాలుగు వీధుల అవతల, ఎర్ర తలుపు, రెండు చిన్న గదులు. వాళ్ళమ్మకి పర్మనెంటు ఉద్యోగం అని నర్సింగ్ హోం ఉత్తరం ఇస్తే, ఓనరు లీజు రాసిస్తానన్నాడు. ఈస్టర్ తర్వాత ఇస్తామన్నారు ఉత్తరం. ఒకరోజు బడి నుంచి వస్తూ ఆమె నన్ను అక్కడికి లాక్కెళ్ళింది. తలుపుకి ఉత్తరాలు వేసే కంత ఉంటుంది. ఆ కంత మూత ఎత్తి ఒకరి తర్వాత ఒకరు లోపలికి చూశాం. నడవా చివర వంటగది. అందులో పొయ్యి ఒక మూల కనబడుతోంది.

"నాలుగు మంటలు," అంది. "నాలుగూ ఒకేసారి వెలిగిస్తాను. నీళ్ళు కాచడానికైనా సరే. నువ్వు లోపలికి వచ్చి కుర్చీలో కూర్చోవాలి. ప్లేటులో పెడతాను."

అన్న తర్వాత ఒక్క క్షణం నన్ను చూసింది. నేను ఆ పొయ్యినే చూస్తున్నట్టు నటించాను.

ఆ తర్వాత కోవిడ్ వచ్చి బడులు మూసేశారు.

ఆ వసంతం ఎంత అందంగా వచ్చిందో చెప్పలేను. ఐర్లండ్‌లో అన్ని రోజులు వరసగా ఎండ కాయడం అంతకుముందు చూడలేదు. డాఫొడిల్స్ రోడ్డు పొడవునా పూశాయి, చూడ్డానికి మనుషుల్లేరు. అంబులెన్సులు సైరను లేకుండా పోయేవి. దారి ఖాళీగా ఉన్నప్పుడు సైరను ఎందుకు? ఊరి చివర గార్డ్స్ నిలబడి కార్లు ఆపేవారు. అమ్మ ఒక కాగితం చూపించి వెళ్ళేది. సాయంత్రం వచ్చి షెడ్డులోనే యూనిఫాం విప్పి వేడి నీళ్ళ బకెట్లో ముంచి, తువ్వాలు చుట్టుకుని, తలుపు పిడి మోచేత్తో నొక్కుకుని ఇంట్లోకి వచ్చేది.

నర్సింగ్ హోంలో కొత్త రూలు పెట్టారు. ఏ మాత్రం జ్వరమున్నా, దగ్గున్నా పనికి రాకూడదు. చెప్పకుండా వస్తే చర్య. అమ్మ పర్మిట్ కట్టు విడిపోవడానికి ఇంకా మూడు నెలలు.

ఒక శుక్రవారం అమ్మ వంట చేయకుండా పడుకుంది. ఒళ్ళునొప్పులు అంది. నుదురు ముట్టుకుంటే వెచ్చగా ఉంది. "అలసటే. మాస్కు పెట్టుకుని పన్నెండు గంటలు నిలబడితే నీకూ వస్తుంది," అని రెండు మాత్రలు వేసుకుంది. ఆదివారానికి లేచి తిరిగింది. సాయంత్రం షెడ్డుకి వెళ్ళి రొయ్యలు పెనం మీద పోసింది.

నేను గుమ్మంలో కూర్చుని చదువుకుంటున్నాను. మొదట కమ్మటి వాసన, తర్వాత ఘాటు, తర్వాత కంపు. తలెత్తి చూస్తే పెనం మీద నల్లటి పొగ. అమ్మ దాని మీదికే వంగి గరిటె తిప్పుతోంది.

"అమ్మా, మాడిపోతోంది!"

"ఏది?" అంది అమ్మ.

పెనంలోకి చూసింది. అప్పుడు గాని తెలియలేదు. మంట తగ్గించి, మాడినవి ఏరి పారేసి, మిగతావి కూరలో వేసింది. మూత తీసి ఆవిరి మీదికి వంగింది. ఆగింది. ఒక చెంచా ఉప్పు వేసింది. మళ్ళీ వంగి, ఈసారి ఇంకొంచెంసేపు ఆగి, ఇంకో చెంచా వేసింది. మూడోసారి కూడా.

రాత్రి అన్నంలో మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. సముద్రం నీళ్ళు తాగినట్టుంది. నాన్న షిఫ్టులో ఉన్నారు. అమ్మ నా ఎదురుగా కూర్చుని కంచం ఖాళీ చేసింది.

"ఏమే, తినవే? బానే ఉందిగా?"

"బానే ఉందమ్మా," అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు. అమ్మ మొహం మామూలుగా ఉంది. అందుకే భయం వేసింది. డైరీలో రాసిన ఆ ఒక్క వాక్యం అప్పటిది: ఈరోజు అమ్మకి ఉప్పు తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే సోమవారం డబ్బా కట్టి, యూనిఫాం వేసుకుని అమ్మ పనికి వెళ్ళింది. వెనక సీట్లో ఎప్పట్లాగే నా స్నేహితురాలి తల్లి కూర్చుంది. దారంతా కిటికీలు మూసే ఉండి ఉంటాయి. పొద్దుటిపూట ఇంకా చలిగానే ఉండేది.

పది రోజులకి నర్సింగ్ హోంలో జబ్బు మొదలైంది. అంతకుముందు అమ్మ భోజనాల దగ్గర అక్కడి ముసలివాళ్ళ కబుర్లు చెప్పేది. కిటికీ పక్కన కూర్చునే పెద్దావిడ తన ఆవుల్ని లెక్కపెట్టమంటుందని, పియానో తాత అమ్మ కోసం బిస్కెట్టు దాచిపెడతాడని. వాళ్ళలో ఒకరి కబురు ఆగిపోయింది. తర్వాత ఇంకొకరిది. నేను ఒకరోజు "పియానో తాత ఎలా ఉన్నాడు?" అని అడిగాను. అమ్మ కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయింది. తర్వాత ఎవరి గురించీ అడగలేదు.

ఒక సాయంత్రం టీవీలో డాక్టరెవరో చెబుతున్నాడు, వాసన తెలియకపోవడం, రుచి తెలియకపోవడం కూడా ఈ జబ్బు లక్షణం కావచ్చని. నేను అమ్మ వైపు తిరిగాను. అమ్మ అప్పటికే నన్ను చూస్తోంది. చెయ్యి చాచి టీవీ కట్టేసింది.

నర్సింగ్ హోంలో పనిచేసేవాళ్ళందరికీ పరీక్షలు చేసేసరికి ఇంకో వారం పట్టింది. అమ్మకి లేదని వచ్చింది. అప్పటికి వచ్చి పోయింది కాబట్టి. నా స్నేహితురాలి తల్లికి ఉందని వచ్చింది. ఆ తర్వాత ఎవరూ పెద్దగా ఆలోచించనవసరం లేకపోయింది. ఒకే వంటశాల, ఒకే మెట్లు, ఒకే బాత్రూములు వాడుకునే హోటలు నుంచి రోజూ వచ్చే మనిషి. ఆమెని ఎక్కడో దూరంగా విడిగా ఉంచడానికి తీసుకుపోయారు. నా స్నేహితురాలిని హోటల్లోనే పక్క గది కుటుంబం దగ్గర వదిలారు. హోటలు గేటు మూసేశారు.

మేనేజరు అమ్మకి ఫోన్ చేసింది. అమ్మ వంటింట్లో నిలబడి మాట్లాడింది. స్పీకరు పెట్టలేదు గాని, అమ్మ జవాబులు చాలు.

"నో. నో ఫీవర్." కాసేపాగి, "నో, ఐ కెన్ స్మెల్. ఐయామ్ ఫైన్." ఇంకాసేపాగి, "షీ సిట్స్ ఇన్ ద బ్యాక్. ఆల్వేస్ ఇన్ ద బ్యాక్."

ఫోన్ పెట్టేసి, నేను అక్కడ ఉన్నానని చూసి, "రెండు నెలలు. రెండు నెలలే," అంది.

ఆ శుక్రవారం జూమ్‌లో ప్రార్థన కూడిక. మా సంఘంలో సగంమంది నర్సులు. సగం ఇళ్ళలో జబ్బు ఉంది. సాక్ష్యం చెప్పమని అమ్మని అడిగారు. దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పడాన్ని సాక్ష్యం అంటాం. ఒకసారి చెప్పిన సాక్ష్యం ఇంక మన సొంతం కాదు. పదిమందీ పట్టుకుని బతుకుతారు. అమ్మ తల మీద కొంగు కప్పుకుని కెమెరా ముందు కూర్చుంది.

"వందనాలండీ. మా డ్యూటీలో సగంమందికి వచ్చింది. నా పక్కనున్నవాళ్ళకి వచ్చింది. నా ఇంటి గడప మాత్రం తొక్కనివ్వలేదు ప్రభువు."

చిన్న చిన్న గళ్ళలో చేతులు లేచాయి. స్తోత్రం, స్తోత్రం. ఒక ఆంటీ మ్యూట్ తీసి అడిగింది. "అక్కా, ఆ హోటలు నల్లోళ్ళ దగ్గర్నుంచే వచ్చిందంట గదా?"

అమ్మ కొంగు సర్దుకుంది. సర్దుకోవడానికి చాలాసేపు పట్టింది.

"అంటున్నారమ్మా," అంది.

మర్నాడు నాన్న చెక్కలు, మేకులు పట్టుకుని పెరట్లోకి వెళ్ళారు. మా వీధి వాట్సాప్ గ్రూపులో అడిగారట, గోడ ఎవరింటి వెనక కూలిందో వాళ్ళే మూయాలని. గంటలో పని అయిపోయింది. సుత్తి దెబ్బలు ఆగాక పెరట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

మూడో రోజు మధ్యాహ్నం చెక్కల అవతల నుంచి నా పేరు వినబడింది. షెడ్డు వెనక్కి వెళ్ళాను. చెక్కల సందులో ఆమె కన్ను ఒక్కటే కనబడుతోంది.

"మామ్ వల్లే వాళ్ళంతా చచ్చిపోయారంటున్నారు," అంది. "ఉత్తరం ఇవ్వరట. ఎర్ర తలుపు ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చేస్తున్నారు." గొంతులో ఏడుపు లేదు. "మీ మామ్‌కి ముందే ఏమైనా వచ్చిందా? మా మామ్ కంటే ముందు?"

నా వెనక వంటింటి కిటికీలో అమ్మ గిన్నెలు కడుగుతోంది. నీళ్ళ చప్పుడు ఆగింది.

"లేదు," అన్నాను.

"ఖచ్చితంగా?"

"ఖచ్చితంగా."

కన్ను కాసేపు అలాగే ఉంది. తర్వాత చెక్కల మధ్య ఎండ పడింది. అంటే వెళ్ళిపోయింది.

వాళ్ళమ్మ మూడు వారాలకి తిరిగొచ్చింది. ఉద్యోగం లేదు. నెల తిరక్కుండా వాళ్ళని ఇంకో ఊరి సెంటరుకి మారుస్తున్నారని తెలిసింది. ఎక్కడికో ఎవరూ చెప్పలేదు. దక్షిణాన సముద్రం వైపు అన్నారు. ఆ పొద్దున నేను అమ్మకి చెప్పకుండా ముందు రోడ్డుకి వెళ్ళి హోటలు గేటుకి ఎదురుగా నిలబడ్డాను. తెల్ల మినీబస్సు. నల్ల చెత్త సంచుల్లో సామాను. వాళ్ళమ్మ బాగా చిక్కిపోయింది. నన్ను చూసి చెయ్యి ఊపింది. మామూలుగా, సోమవారాలు కారెక్కేటప్పుడు ఊపినట్టే.

నా స్నేహితురాలు రోడ్డు సగం దాటి వచ్చి ఆగింది. అప్పట్లో అందరం అంత దూరంలోనే ఆగేవాళ్ళం.

"మామ్‌కి తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"ఆ సోమవారం డబ్బా. మాడిపోయింది, ఉప్పు విషంలా ఉంది. నాకు ఒక్క ముద్ద కూడా ఇవ్వలేదు. మీ అమ్మకి ఉప్పు తప్పదు కదా. జ్వరం వచ్చి ముక్కు పోయినవాళ్ళ వంట అది అంది. డబ్బా అంతా తనే కూర్చుని తినేసింది, ఎవరికీ కనబడకుండా. నేను మేనేజరుకి చెబుతానంటే చెంపమీద కొట్టింది. వాళ్ళ కాగితాలు ఆ ఉద్యోగానికి కట్టేసి ఉన్నాయి, పోతే దేశం దాటి పోవాలి, మనల్నైతే ఊరు మారుస్తారు అంతే అంది."

నేను బస్సు దగ్గరున్న వాళ్ళమ్మ వైపు చూశాను.

"నిన్ను అడిగినప్పుడు నాకు ముందే తెలుసు. చెబుతావేమో చూద్దామని అడిగాను," అంది. వెనక్కి తిరిగి వెళ్ళి బస్సెక్కింది. కిటికీ వైపు కూర్చుంది గాని నా వైపు చూడలేదు.

ఆ తర్వాత సంగతులు అన్నీ మంచివే. అమ్మ పర్మిట్ కట్టు విడిపోయింది. పౌరసత్వం వచ్చింది. సొంత ఇల్లు కొనుక్కున్నాం. ప్రతి ఏడూ కృతజ్ఞత కూడికలో అమ్మ ఆ సాక్ష్యం చెబుతుంది. ప్రతి ఏడూ అది కొంచెం పెద్దదవుతుంది. నేను వెనక వరసలో కూర్చుని వింటాను. వాళ్ళకి వంటగది దొరికిందో లేదో నాకు తెలియదు. వెతకొచ్చు. ఈ రోజుల్లో మనిషిని వెతకడం కష్టం కాదు. వెతకలేదు.

ఆ కొట్టు నుంచి వచ్చిన తర్వాతి శనివారం ఇంటికి వెళ్ళాను. అమ్మ ఇస్త్రీ చేస్తోంది. నిలబడే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"ఆ డబ్బా తిన్న రోజే ఆమెకి తెలిసిపోయిందంటమ్మా. నీకు వాసన పోయిందని."

ఇస్త్రీపెట్టె ఆగింది. "ఎవరు చెప్పారు?"

"వాళ్ళమ్మాయి. బస్సెక్కేటప్పుడు."

"మరి మేనేజరుకి చెప్పలేదే?"

"మన పర్మిట్ పోతుందని."

అమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టి, తీగ పీకి, చొక్కా మడతపెట్టింది. మళ్ళీ విప్పింది. "నాకొక్కదానికే తెలుసనుకున్నానే ఇన్నాళ్ళూ," అంది. "నీకు తెలుసని తెలుసు. కానీ నువ్వు నా కూతురివి." చొక్కా పక్కన పెట్టి, "డబ్బా మొత్తం తిందా?" అని అడిగింది.

"మొత్తం."

మర్నాడు ఆదివారం కమ్యూనిటీ హాల్లో కృతజ్ఞత కూడిక. కొత్తగా వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ రోజు జూమ్‌లో అడిగిన ఆంటీయే మైకు తెచ్చి అమ్మ చేతికిచ్చింది. "మా అక్క కోవిడ్ సాక్ష్యం మీ కొత్తవాళ్ళెవరూ వినలేదు. వింటే ఒళ్ళు జలదరిస్తుంది. చెప్పక్కా."

అమ్మ లేచి నిలబడింది. కొంగు తల మీదికి లాక్కోలేదు.

"వందనాలండీ," అంది. మైకులో ఊపిరి చప్పుడు హాలంతా వినబడింది. "ప్రతి ఏడూ నేను చెబుతున్నది జరగలేదండీ. మా ఇంటికి వచ్చింది. అందరికంటే ముందు మా ఇంటికే వచ్చింది. నేనే నర్సింగ్ హోం లోపలికి తీసుకెళ్ళాను."

వెనక వరసలో ఎవరో అలవాటు కొద్దీ, "స్తోత్రం," అన్నారు.